పక్కనుంచి పట్టిన వెలుతురు

నిరుడు తోతాపురి మామిడి కాలం మాకు ఒక శవంతో మొదలైంది.

జ్యూస్ ఫ్యాక్టరీ గేటు నుంచి చిత్తూరు రోడ్డు దాకా ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. కాయ విపరీతంగా కాసింది, కొనేవాడు లేడు. టోకెను చేతిలో పెట్టుకుని రైతులు రోజుల తరబడి ట్రాలీ కిందే తిని ట్రాలీ కిందే పడుకునేవాళ్ళు. పైనున్న కాయలు ఎండకు కమిలిపోయేవి. అడుగున ఉన్నవి కుళ్ళి రసం కారేది. ఆ రసం మీద ఈగలు, ఈగల మధ్యలో మనుషులు. అట్లాంటి వరసలో ఒకడు తన బండిని ముందుకు దూర్చాడు. వెనకవాడు కొమ్మలు కొట్టే కత్తి తీసుకుని వాడి మెడ మీద వేశాడు. దెబ్బ తిన్నవాడు పాకుతూ ట్రాలీ కిందికి పోయి అక్కడ చచ్చిపోయాడు.

కానిస్టేబుల్ జయరావు ఫోన్ చేశాడు.

"స్వామన్నా, కెమెరా తీసుకోని బిన్నా రా. ఆ పాపను గూడా పిలుచుకోని రా."

పాప అంటే నా కోడలు లోహిత. నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టింది. తల్లీ తండ్రీ లేరు. నా భార్య అక్కమ్మ పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం, నేను, నా కొడుకు బాలచంద్ర, ఈ పిల్ల.

నా పేరు మునస్వామి. ఫొటోలు తీస్తాను. పెళ్ళిళ్ళు డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళకు పోయాయి. నాకు శవాలు, కాలిన గుడిసెలు, గుద్దుకున్న బండ్లు మిగిలాయి. వాటికి జేబులో పట్టే చిన్న కెమెరా చాలు. కానీ దాని మీద ఉండే ఫ్లాష్ దండగది. ఎదురుగా మెరిసి, ముందరున్న మిట్టా పల్లం అంతా చదును చేసి పారేస్తుంది. పెళ్ళికూతురికి అది బాగుంటుంది, మొటిమలు కనబడవు. గాయానికి పనికిరాదు. గాయం లోతు తెలియాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి, నీడ రావాలి.

అందుకని ఇంకో ఫ్లాష్ విడిగా పెట్టుకున్నాను. దానికి వైరు లేదు. చిన్న గాజు కన్ను ఉంటుంది. కెమెరా ఫ్లాష్ మెరవగానే ఆ కన్ను చూసి, ఇది కూడా మెరుస్తుంది. కెమెరా ఫ్లాష్ మీద పాత నెగెటివ్ రీలు చివరి నల్లముక్క అంటించాను. దాంట్లోంచి మన కంటికి వెలుతురు రాదు, ఆ గాజు కన్నుకు మాత్రం తెలుస్తుంది. ఇక మనిషి మీద పడేది పక్క వెలుతురు ఒక్కటే. అది ఎక్కడ పట్టాలో లోహితకు నేను చెప్పే పని ఉండేది కాదు.

ట్రాలీ కింద ఆమె మోచేతుల మీద పాకింది. ఫ్లాష్ ను నేలకు ఆనించి శవం చెవి పక్కన పట్టింది. నేను తీశాను. మెడలో కత్తి దిగిన చోట గుంట నల్లగా, అంచులు తెల్లగా, ఎంత కావాలో అంత వచ్చింది.

జయరావు ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "నీకు భయం గాలేదా పాపా?"

"శవం ఏం జేస్తాది సార్. బతికుండేవాళ్ళు గదా చేసేది."

ఆమె బయటికి వచ్చి చేతులు దులుపుకుంటుంటే జయరావు మణికట్టు చూశాడు. అక్కడ కమిలిన మచ్చ ఉంది.

"అదేంది?"

"సొన సార్."

జయరావు మళ్ళీ అడగలేదు. ఎవరూ అడగరు. కోతల కాలంలో మా వైపు సొన మచ్చ లేని మనిషి ఉండడు. కాయ తొడిమె విరిగితే చిమ్మే సొన చర్మం మీద పడితే కాలుతుంది, నల్లబడి మానుతుంది. నా ముంజేతుల మీద ఉన్నాయి, జయరావు పెళ్ళాం బుగ్గ మీద ఉంది. లోహిత మణికట్టు మీదా మెడ మీదా ఉంటే దాన్ని ప్రత్యేకంగా చూసేదేముంది.

*

మా తోట కాయలతో మా బండి కూడా ఆ వరసలోనే ఉంది. బాలచంద్ర అక్కడే ఉండి, బట్టలకూ అన్నానికీ మధ్యమధ్యలో ఇంటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ తాగి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం బండితో సహా వచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళు కాయలు మెత్తబడినాయని వెనక్కి పంపారు. వాకిట్లోనే ట్రాలీ ఎత్తి లోడంతా కుమ్మరించాడు. కాయలు పగిలి గుజ్జు గోడలకు చిమ్మింది. ఆ కుప్ప ఎక్కి చెప్పుల కాళ్ళతో తొక్కాడు, ఎవరి గుండెల మీదో తొక్కినట్టు.

"దిగు," అన్నాను.

"నీకేమి నాయనా. నీకు శవాలుండాయి. కాయలు కుళ్ళితే నీకు బేరమే గదా."

లోహిత పళ్ళెంలో సంగటి పెట్టుకొచ్చింది. వాడు పళ్ళెం తీసుకుని వేప చెట్టు కేసి విసిరాడు. కింద పడుకున్న కుక్క అరుస్తూ లేచింది. దాన్ని గుజ్జు అంటిన కాలితో పక్కటెముకల్లో తన్నాడు. అది మూలుగుతూ పోయి మళ్ళీ మా ఇంటికి రాలేదు.

నేను వాడి మీదికి పోయాను. లోహిత మధ్యలోకి వచ్చింది.

"మీరు లోపలికి పోండి మామా. ఆయన ఆకలి మీదుండాడు."

ఆ సాయంత్రం ఆమె తలుపు మూల తగిలిందని పెదవి మీద పసుపు పెట్టుకుంది. తలుపు మూల ఎంత ఎత్తున ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఆ మాట విని ఊరుకున్నాను. ఇంట్లో అందరమూ ఆ కాలం ఎట్లాగో గడిస్తే చాలని ఉన్నాం.

*

తరవాతి శవం చిత్తూరు దగ్గర బావిలో దొరికింది. జయరావు పిలిచాడు. బయలుదేరబోతూ ఫ్లాష్ కు కొత్త సెల్లులు వేశాను. సెల్లులు మార్చినప్పుడల్లా ఒకసారి పరీక్ష చెయ్యాలి. ఈ చిన్న కెమెరా ఫొటో తీసే ముందు ఒకసారి ఊరికే మెరుస్తుంది, అసలు మెరుపు రెండోది. ఫ్లాష్ వెనక చిన్న మీట ఉంటుంది. అది తప్పుంటే మొదటి మెరుపుకే ఫ్లాష్ మెరిసేసి ఫొటో చీకటిగా వస్తుంది.

ఎప్పుడూ గోడకు పెట్టి చూసుకునేవాణ్ణి. ఆ రోజు గోడకంతా మామిడి గుజ్జు మరకలు. లోహిత మంచం అంచున కూర్చుని జడ వేసుకుంటోంది.

"చెంప పక్కన పట్టుకో ఒకసారి," అన్నాను.

పట్టుకుంది. నొక్కాను. చిన్న తెరలో చూసుకున్నాను.

దవడ కింద నుంచి చెవి దాకా నాలుగు గట్లు లేచి ఉన్నాయి. ఒక్కొక్క గట్టుకూ దాని నీడ ఉంది. మళ్ళ మధ్య గట్లకు సాయంత్రపు ఎండ పడితే ఎట్లా ఉంటుందో అట్లా. తల ఎత్తి మనిషిని చూశాను. ఉత్త కంటికి నల్ల మచ్చ ఒకటే కనబడింది.

సొన మచ్చకు నీడ ఉండదు. అది చర్మం మీద చదునుగా ఉంటుంది, ఎండిన రంగులాగా. వాచినదానికే నీడ పడుతుంది.

"ఆ పక్కకు మార్చు," అన్నాను.

మార్చింది. రెండో పక్క ఒక్కటే గట్టు ఉంది, లావుగా. బొటనవేలు.

నేను తెరను చూస్తూ ఉన్నాను. ఆమె ఫ్లాష్ దించలేదు.

"బాగ వచ్చినాదా మామా?"

"వచ్చింది."

"బండి కింద శవానికి పట్టినట్టే పట్టినాను," అంది. "తీసేటప్పుడు ఎట్లుంటాదో ఇప్పుడు తెలిసింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కాయలు దిగినప్పటి నుంచి శానా ఎక్కువైంది. అంతకు ముందర అప్పుడప్పుడు."

"గొంతు పట్టుకున్నాడు."

"ఊపిరి ఆడనిచ్చి మళ్ళ పట్టుకుంటాడు. నవ్వతాడు. ఫ్యాక్టరీవోడు నన్ను ఇట్లనే పెట్టినాడంటాడు." జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుంది. "పోదాం రాండి. బాయికాడ ఎండ మీదికొచ్చేస్తాది."

బావి దగ్గర ఆ రోజు నా ఫొటోలు బాగా రాలేదు. అక్కడి శవం ఆడమనిషిది.

*

పంచాయితీ నేనే పెట్టించాను. మండీ నడిపే దేవరాజులు మా ఊళ్ళో పెద్దమనిషి. ఆయన మండీలో కాయల క్రేట్లు బోర్లించి కూర్చున్నారు అందరూ. లోహిత తూకం కాటా పక్కన నిలబడింది. బాలచంద్ర తల దువ్వుకుని తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు.

చెప్పాల్సింది చెప్పి కెమెరా దేవరాజులు చేతికి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. అది ఒక చుట్టు తిరిగింది.

"ఏమప్పా బాలా, కొట్టినావా?"

"సొనన్నా అది. మొగం మిందికి సొన చిమ్మింది. ఈయమ్మనే అడగండి, ఊరంతటికీ సొన అని ఈయమ్మే చెప్పుకున్నాది."

అందరూ లోహితను చూశారు. "ఆయన కొట్టినాడు," అంది. అంతే అంది.

"స్వామన్నా," అన్నాడు దేవరాజులు, "నువ్వు ఫొటోలు తీసేవోడివి. నీకెట్ల గావాలంటే అట్ల తీస్తావు. లైటు కిందనుంచి పెడితే నా మొగం గూడా రాక్షసుని మాదిరి వస్తాది."

"నీకు లైటు దండగ దేవరాజులన్నా," అన్నాడు వెనకనుంచి ఎవడో. నవ్వారు.

దేవరాజులు కూడా నవ్వి, తన ఫోన్ తీసి లోహిత ముఖానికి ఎదురుగా పెట్టి ఫ్లాష్ వేసి తీశాడు. అందరికీ చూపించాడు. ఆ ఫొటోలో నున్నటి ముఖం, దాని మీద సొన మచ్చ.

"సూడు. ఏముండాది ఈడ?"

"ఎదురుగా తీస్తే ఏదీ కనబడదు."

"కోడలి మొగం అన్ని పక్కల నుంచి సూసినట్టుండావే స్వామన్నా," అన్నాడు ఆ వెనకవాడే.

నేను లేచాను. జయరావు కూడా వచ్చి ఉన్నాడు, యూనిఫాం లేకుండా. నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

దేవరాజులు గొంతు తగ్గించాడు. "ఇనప్పా. నిన్ను కొట్టినాడా వాడు? కన్నతండ్రి మింద చెయ్యేసినాడంటే చెప్పు, ఈ కాటాకే కట్టేసి కాళ్ళిరగ్గొట్టి నేనే స్టేషన్లో వేసొస్తాను. మొగుడూ పెండ్లాల మధ్యలో మేమేం జేస్తాము. కాయల కాలం, మొగోడు వేడి మింద ఉంటాడు. కాలం పోనీ. గమ్మునుండమ్మా కొన్నాళ్ళు."

బాలచంద్ర అందరికీ దండం పెట్టాడు. పెద్దలు లేచిపోయారు.

మేము ఇల్లు చేరేసరికి వాడు ముందే చేరి ఉన్నాడు. నన్ను లోపలి గదిలోకి తోసి బయట గొళ్ళెం వేశాడు. తరవాత వాకిట్లో జరిగింది నేను కిటికీ ఊచల్లోంచి చూశాను. జడ చేతికి చుట్టుకుని తొట్టి దాకా ఈడ్చాడు. తల నీళ్ళలో ముంచాడు, లేపాడు, తొట్టి అంచుకేసి కొట్టాడు. ఆమె అరవలేదు. అరిచింది నేను. పక్కింటి కప్పు మీద ఒరుగులు ఎండబెట్టుకుంటున్న వరలక్ష్మమ్మ ఒకసారి చూసి, చేట పట్టుకుని దిగిపోయింది.

వాడు వరసకు పోయాక లోహితే వచ్చి గొళ్ళెం తీసింది. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదికి దిగుతోంది.

"కట్టు కడతాను, కూర్చో."

"ఆ పక్క వినబడలేదు మామా. ఇటుపక్క చెప్పండి."

*

తెల్లవారి వరస దగ్గరికి నడిచి పోయాను. కెమెరా, ఫ్లాష్ ఇంట్లోనే పెట్టాను. రెండో లోడుతో పెట్టిన మా బండి గేటుకు దగ్గర పడింది. చుట్టూ డ్రైవర్లు, రైతులు, టీ తాగుతూ. దేవరాజులు కూడా తన లోడు చూసుకోవడానికి వచ్చి ఉన్నాడు. వచ్చి ఉంటాడని తెలిసే ఆ వేళకు పోయాను.

బాలచంద్ర టైరు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పు తీసి వాడి ముఖం మీద కొట్టాను.

టీ తాగేవాళ్ళు ఆగిపోయారు. వాడు లేచాడు. బుగ్గ తుడుచుకున్నాడు.

"నాయనా, పో. ఇంటికాడ మాట్లాడుకుందాం."

మళ్ళీ కొట్టాను. రెండో బుగ్గ మీద.

"పో నాయనా. అందరూ సూస్తా ఉండారు."

వాడు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. నన్ను కొట్టకుండా ఉండటానికి నా కొడుకు చాలా కష్టపడ్డాడు. అది నేను చూశాను. చూసే ఆ మాట అన్నాను.

"పెండ్లాన్ని తొట్లో ముంచిన చెయ్యి యాడ బోయిందిరా? మొగోడి మింద లేయదా అది?"

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు. వాడిని పడేసింది నా చెప్పు కాదు, ఆ నవ్వు. పక్కనే ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఇనప పిన్ను ఉంది. దాన్ని లాగి కొట్టాడు. మొదటి దెబ్బ నా చెంప ఎముక మీద పడింది. లోపల ఏదో పలికింది, ఎండిన కట్టె విరిగినట్టు. చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళు విరిగాయి. కిందపడ్డాక పక్కటెముకల్లో తన్నాడు, కుక్కను తన్నిన కాలితోనే. నా నోట్లోకి రక్తమూ, నేలమీది మామిడి గుజ్జూ కలిసి వచ్చాయి. తీయగా ఉంది.

అప్పుడు కదిలారు అందరూ. నిన్న మండీలో నవ్వినవాళ్ళు ఇవాళ వాడి మీద పడ్డారు. దేవరాజులు పంచె ఎగ్గట్టి వచ్చి వాడి గుండెల మీద తన్నాడు. "కన్నతండ్రిని కొడతావురా," అంటూ ఊగిపోయాడు. ట్రాలీ గుంజకు తాడుతో కట్టేశారు. ముక్కు పగిలి వాడి చొక్కా ముందంతా ఎర్రబడింది. కట్టిన తాళ్ళలోంచి వాడు నన్నే చూస్తున్నాడు, ఏం జరిగిందో అర్థం కానట్టు.

*

చిత్తూరు ఆస్పత్రిలో మంచం మీద కూర్చోబెట్టారు. జయరావు ఫోన్ తో ఒక ఫొటో తీసుకున్నాడు. తరవాత లోహిత సంచిలోంచి కెమెరా, ఫ్లాష్ తీసింది. చెవికి దూది పెట్టుకుని ఉంది.

"కిటికీ మూయండి సార్," అంది జయరావుతో. "పక్కకు తిరగండి మామా. ఆ పక్క గాదు, వాచిండే పక్క."

ఒక చేత్తో కెమెరా, రెండో చేత్తో ఫ్లాష్. ఫ్లాష్ ఉన్న చెయ్యి పూర్తిగా చాపి, నా చెవి వెనక నుంచి పట్టింది. నొక్కింది. తెర చూసుకుని ఫ్లాష్ కొంచెం దించింది. మళ్ళీ నొక్కింది. నా ముఖం మీద ఆ వెలుతురు వేడిగా తగిలింది. ఇన్నేళ్ళుగా ఎందరి మీద పట్టించానో, అది వేడిగా ఉంటుందని తెలియదు.

జయరావు కాగితాల కోసం బయటికి పోయాడు.

"మీరు కావాలనే తిన్నారు," అంది.

"ఊఁ."

"నన్నడిగుంటే వద్దందును."

"అందుకే అడగలేదు."

ఆమె ఫ్లాష్ లోంచి సెల్లులు తీసి సంచిలో వేసింది. "నా దెబ్బలకు రాని సాక్షులు మీ దెబ్బలకు వచ్చినారు. నాకు సంతోషంగా లేదు మామా. మీరు చేసింది తప్పని గూడా చెప్పను."

నాకు కూడా సంతోషంగా లేదు. నా దెబ్బల ఫొటోలు చూసి ఊరంతా సాక్ష్యం చెప్పింది. దేవరాజులు అందరికన్నా ముందు చెప్పాడు. రెండు ముఖాల మీదా పడింది ఒకే చెయ్యి, ఒకే వెలుతురు. ఆ మనుషులకు నేను అప్పుడు దండం పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను. మండీ ముందు నుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకుని పోతాను.

బాలచంద్రను జైలుకు పంపారు. కాయలు ఎక్కడివక్కడ రోడ్ల పక్కన కుళ్ళి, వాన పడి, ఆ వాసన కూడా పోయింది. లోహిత వెళ్ళిపోయింది. తిరుపతి బస్సు ఎక్కించాను, అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో నాకు ఒక్కడికే తెలుసు. కెమెరా, ఫ్లాష్ ఆమెకే ఇచ్చేశాను. అక్కడ ఏం పని చేసుకుంటోందో, ఏ ఊరో, ఎవరడిగినా చెప్పను. ఇక్కడా రాయను.

*

బెయిలు మీద వచ్చినవాడు నేరుగా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం. చిక్కిపోయాడు. గడప బయట నిలబడ్డాడు.

"నాయనా."

నేను తలుపు దగ్గరికి వచ్చాను.

"అది యాడుండాది?"

"చెప్పను."

"ఏమీ చెయ్యను. ఒక మాట చెప్పి వచ్చేస్తాను."

"చెప్పను."

వాడు నా ముఖం చూశాడు. నా ఎడమ కన్ను సగం మూసుకుపోయింది, అది ఇక తెరుచుకోదన్నారు.

"ఆ కన్ను కనబడతాదా?"

"ఇంకోటి కనబడతాది. నిన్ను సూసేదానికి అది చాలు."

నవ్వబోయి ఆపుకున్నాడు. చెప్పులు విప్పాడు. "కొంచేపు కూచోని పోతాను. కాళ్ళు లాగతా ఉండాయి."

"లోపలికి రావద్దు."

"మరి నేను యాడికి పోవల్ల నాయనా?"

వాడు నిజంగానే అడిగాడు. చిన్నప్పుడు బడికి దారి అడిగిన గొంతు అది. తలుపు రెక్క మీద చెయ్యి వేశాను. ఇక్కడ కూర్చుంటే రేపు వెతుకుతాడు, అది నాకు తెలుసు. నా ఇంట్లో వాడికి మంచం వేస్తే, ఎక్కడున్నా ఆ పిల్లకు నిద్ర పట్టదు.

తలుపు వేశాను. మా పల్లెలో పగటిపూట ఎవరూ గడియ పెట్టరు. మా తలుపు గడియ అక్కమ్మ పోయినప్పటి నుంచి వాడలేదేమో, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. విరిగిన వేళ్ళతో లాగితే రాలేదు. రోకలి తెచ్చి దాని మీద కొట్టాను. కొంచెం జరిగింది. మళ్ళీ కొట్టాను. అది పూర్తిగా పడేదాకా కొడుతూనే ఉన్నాను. బయట వాడు కదలకుండా నిలబడి, ఒక్కొక్క దెబ్బా విన్నాడు.